అరగంట దుమారం.. పన్నెండు గంటల దుమ్ము

సోలాపూర్ నుంచి మా ప్రతినిధి

ఏప్రిల్ పోయి మే వచ్చిందంటే సోలాపూర్‌లో సాయంత్రాలను నమ్మలేం. పొద్దున్నుంచీ 42, 43 డిగ్రీల ఎండ కాస్తుంది. మూడు దాటేసరికి గాలి బిగబట్టినట్టవుతుంది. వేపాకు కూడా కదలదు. నాలుగున్నరకో, అయిదుకో ఆకాశంలో ఒక మూల ఇటుకపొడి రంగు కనిపిస్తుంది. దాన్ని చూడగానే సందుల్లో కేకలు మొదలవుతాయి. "అక్కా, దండెం మీది బట్టలు తియ్యి, దుమారం వస్తున్నది!" "ఓ పెద్దమ్మా, పొయ్యి ఆర్పు!" పక్కింటి మరాఠీ అమ్మ "వాదళ్ ఆలం, దార్ లావా!" అంటుంది. భాష ఏదైనా చెప్పేది ఒకటే.. తలుపు ముయ్యి.

ఆ తర్వాత అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఎదురింటి గోడ కనిపించదు. రేకుల కప్పులు డప్పుల్లా మోగుతాయి. కళ్ళలో, నోట్లో, చెవుల్లో దుబ్బ. కరెంటు టప్పున పోతుంది. పొద్దుటి నుంచీ వాడంతా దడదడలాడించిన సాంచాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇలా అరగంట, మహా అయితే ముప్పావుగంట. నాలుగు పెద్ద చినుకులు పడితే పడతాయి, లేకపోతే అదీ లేదు. గాలి వెళ్ళిపోతుంది. దుమ్ము మాత్రం మిగులుతుంది.. చాదర్ల మీద, తువ్వాళ్ళ మీద, మూతపెట్టని అన్నం మీద, మనుషుల ఊపిరితిత్తుల్లో.

చాదర్ల ఊరు.. తెలుగు పేటలు

మన సరిహద్దు జిల్లాల్లో సోలాపూర్‌లో చుట్టం లేని పద్మశాలి ఇల్లు వెతికితే గానీ దొరకదు. మేనత్తనో, చిన్నాయననో, ఇచ్చిన ఆడపిల్లనో చూడటానికి రైలెక్కి పోయినవాళ్ళే ఎక్కువమంది. నిజాం కాలంలో కరువులకు తాళలేక, మగ్గం కూలి గిట్టక కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలసవెళ్ళిన చేనేత కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. 1870లలో పుట్టిన జూనీ మిల్లు, ఆ తర్వాత వచ్చిన నర్సింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వాళ్ళకు పని ఇచ్చాయి. ఆ మిల్లులు మూతపడ్డాయి. పని మాత్రం ఇళ్ళ పక్కనున్న కార్ఖానాల్లోకి, అక్కల్‌కోట్ రోడ్డులోని ఎంఐడీసీ షెడ్లలోకి మారింది. సాఖర్‌పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్.. ఊరికి తూర్పున ఉన్న ఈ పేటల్లో నడుస్తుంటే షాపు బోర్డు మరాఠీలో ఉంటుంది, లోపలి మాట తెలుగులో వినిపిస్తుంది. ఆ తెలుగులో సగం పనిముట్ల పేర్లు మళ్ళీ మరాఠీవే.

సోలాపూర్ చాదర్‌కు, టెర్రీ తువ్వాలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్ళికి పెట్టుబడిగా, చలికి దుప్పటిగా ఆ చాదర్ మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. నేసిన చెయ్యి ఏ గాలి పీలుస్తుందో మాత్రం మనకు పెద్దగా తెలియదు.

ఎడారి లేకుండానే దుమారం

దుమారం అనగానే రాజస్థాన్, అరబ్ దేశాలు గుర్తొస్తాయి. సోలాపూర్‌కు దగ్గర్లో ఎడారి లేదు. ఉన్నది భీమా నది పరీవాహకం, నల్లరేగడి, రాళ్ళ గట్లు. సహ్యాద్రి కొండలు అరేబియా సముద్రం నుంచి వచ్చే రుతుపవనాల తడిని ముందే పిండేసుకోవడంతో ఇటు తూర్పువైపు వాననీడ ప్రాంతమైంది. జూన్‌లో వాన పడేదాకా నేల బోసిగా ఉంటుంది. రేగడి నెర్రెలు బారుతుంది. దున్ని వదిలేసిన చేలల్లో పైమట్టి పొడిపొడి అవుతుంది. దానికి తోడు రోడ్ల పక్కన పేరుకున్న మట్టి, తవ్వి వదిలేసిన గుంతలు, ఇళ్ళ కోసం పోసిన ఇసుక, కంకర పొడి.

ఇక గాలి సంగతి. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి సాయంత్రానికి ఉరుముల మబ్బు కడుతుంది. ఆ మబ్బులోంచి వాన పడుతుంది గానీ కిందున్న గాలి మరీ పొడిగా ఉండటంతో చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడినట్టు, చినుకులు ఆవిరైన చోట గాలి చల్లబడుతుంది. చల్లగాలి బరువు. అది దభాలున నేలకు దిగి, నేల మీద పోసిన నీళ్ళలా నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. దాని ముందు అంచు మట్టిని లేపుకుంటూ వస్తుంది. అందుకే దుమారం ముందు, చినుకు వెనక. వేసవి చివరి ఈ వానను మరాఠీవాళ్ళు 'వళీవ్' అంటారు. చాలాసార్లు ఆ వాన పేటల దాకా రాదు, దాని దుమ్మే వస్తుంది.

కిలోమీటరు దూరంలో ఉన్నది కూడా కనిపించనంతగా దుమ్ము లేస్తే వాతావరణ శాఖ దాన్ని ధూళి తుపానుగా లెక్కేస్తుంది. ఉత్తరాదిలో ఇది పెద్ద ప్రాణాంతకం. 2018 మే మొదటి వారంలో ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో వచ్చిన దుమారాలకు వంద మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్రలో జనం మర్చిపోలేనిది 2024 మే 13. ముంబైని ధూళి తుపాను కమ్మిన ఆ సాయంత్రం ఘాట్‌కోపర్‌లో పెట్రోలు బంకు మీద భారీ హోర్డింగు కూలి 17 మంది ప్రాణాలు పోయాయి. రెండు వారాలు తిరగకుండానే మే 26న మన నాగర్‌కర్నూల్ జిల్లాలో ఈదురుగాలికి, కడుతున్న కోళ్ళఫారం గోడ కూలి నలుగురు చనిపోయారు. ఈ రెండు చోట్లా చంపింది గాలి ఒక్కటే కాదు. గాలికి నిలబడలేని కట్టడం చంపింది. సోలాపూర్ పేటల్లో రేకుల మీద రాళ్ళు పెట్టి కప్పు నిలబెట్టుకున్న ఇళ్ళను చూస్తే ఈ మాట గుర్తొస్తుంది.

దుమ్ము ఎక్కడిదైనా కావచ్చు. 2022 జనవరిలో పాకిస్థాన్ వైపు నుంచి లేచిన దుమ్ము అరేబియా సముద్రం మీదుగా వచ్చి ముంబై, పుణె దాకా కమ్మేసింది. ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 200 కోట్ల టన్నుల దుమ్ము గాలిలోకి లేస్తుందని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. 2025 నుంచి 2034 దాకా ఇసుక, ధూళి తుపాన్ల మీద పోరాడే దశాబ్దంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ లెక్కల్లో సాఖర్‌పేట సందు ఎక్కడా కనిపించదు, అది వేరే సంగతి.

పోగు తెగితే కూలి తెగినట్టే

దుమారం రాకముందే సాంచా కార్మికుడికి దాని దెబ్బ తగులుతుంది. నూలుకు తడి కావాలి. గాలిలో తేమ ఉంటేనే పోగుకు బలం, సాగుడు. పొడిగాలి వీచిన రోజు పడుగు పోగులు పదేపదే తెగుతాయి. తెగిన ప్రతిసారీ సాంచా ఆపాలి, పోగు వెతకాలి, ముడి వెయ్యాలి, మళ్ళీ నడపాలి. నేసినదాన్ని బట్టి కూలి. ఆగిన సాంచాకు పైసా రాదు. అందుకే వేసవిలో కార్ఖానాల్లో నేల మీద నీళ్ళు చల్లుతారు, కిటికీలు మూసేస్తారు, గోనెపట్టాలు తడిపి కడతారు. లోపల ఉడికిపోతారు. అయినా కిటికీ తెరవరు. ఈ కిటికీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాం.

గాలి మొదలవగానే చాలాసార్లు కరెంటు పోతుంది. తీగలు ఒకదానికొకటి తగులుతాయి, కొమ్మలు పడతాయి, ప్రమాదం జరగకుండా సిబ్బందే లైను ఆపేస్తారు. సాంచా నడిమధ్యలో ఆగిపోతే గుడ్డలో ఆ చోట అడ్డంగా సన్నని గీత పడుతుంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు చెయ్యి తిరిగినవాడైతే గీత కనపడకుండా సర్దుతాడు. కొత్తవాడైతే సరుకు దెబ్బతింటుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంటికి పోతే పది నిమిషాల్లో రావచ్చు. ఉంటే రాత్రి దాకా రాకపోవచ్చు. చీకట్లో గడప మీద కూర్చుని తంబాకు నలుపుకుంటూ ఎదురు చూడటమే. ఆ గంటలకు ఎవరూ కూలి కట్టివ్వరు.

తెల్ల తువ్వాళ్ళు మరీ సున్నితం. టెర్రీ అంటే గుడ్డ మీద పోగులు ఉంగరాల్లా లేచి ఉంటాయి. నీళ్ళు పీల్చుకోవడానికి అవే పనికొస్తాయి. దుమ్ము పట్టుకోవడానికీ అవే. నున్నటి గుడ్డ మీద పడ్డ మట్టిని దులిపేయొచ్చు. టెర్రీలో దిగిన రేగడి దుమ్ము దులిపితే లోపలికి పోతుంది. నాలుగు చినుకులు కూడా తగిలాయా, ఇక మరకే. చేరవలసిన చోటికి చేరాల్సిన సరుకు రెండో రకం కింద పక్కకు పోతుంది. రంగు వేసి ఆరేసిన నూలు లడీలదీ అదే గతి. ఎండ బాగుందని బయట వేస్తారు, ఆ ఎండే సాయంత్రానికి దుమారాన్ని తెస్తుంది. తీసి లోపల వేసుకునే వ్యవధి ఉండదు. మట్టి పట్టిన లడీలను మళ్ళీ ఉతకాలి. నీళ్ళు రోజూ రాని ఊళ్ళో మే నెలలో ఉతకడమంటే తేలిక కాదు.

గాలి తగ్గాక ఇంకో పని. సాంచా అంతా దుమ్ము. నూనె పెట్టిన చోటల్లా మట్టి అంటుకుని గరుకు ముద్దవుతుంది. తుడవకుండా నడిపితే అరుగుతుంది, పోగు తెగుతుంది. తుడిచే గంటకు కూడా కూలి లేదు. ఇలా చూస్తే అరగంట దుమారం కార్మికుడి వారం కూలిలో ఎంత తింటుందో ఏ పంచనామాలోనూ ఎక్కదు. పైకప్పు ఎగిరిపోతే తలాఠీ వచ్చి రాసుకుంటాడు. పోయిన పూట కూలిని రాసుకునే కాయితం ఏదీ లేదు.

చాటలో ఆకు.. ఒళ్ళో తంబాకు

మగవాళ్ళు సాంచా మీద, ఆడవాళ్ళు బీడీల మీద.. ఈ పేటల్లో చాలా ఇళ్ళ సంసారం ఇలాగే నడుస్తుంది. గడపలోనో, ఇంటి ముందు నీడలోనో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కడతారు. గాలి వచ్చిందంటే ముందు ఎగిరేది తంబాకు పొడి. అది కళ్ళలో పడితే మంట ఎట్లా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. ఎగిరిపోయిన తంబాకుకు, ఎండిపోయి పగిలిన ఆకుకు కంపెనీ లెక్క వేరే ఇవ్వదు. ఇచ్చిన ఆకుకు ఇన్ని బీడీలు రావాలి, రాకపోతే తక్కువైనవి ఆమె ఖాతాలోనే. మట్టి అంటినవి పనికిరావని పక్కన పడేస్తారు.

అందుకని దుమారం రాగానే చాట ఎత్తుకుని లోపలికి పోయి తలుపు బిగించుకుంటారు. ఒక్క గది ఇల్లు. లోపల పిల్లలు, ముసలివాళ్ళు, పొయ్యి, తంబాకు మూట. బయటి దుమ్ము రాకుండా మూసిన తలుపు లోపలి తంబాకు పొడిని బయటికి పోనివ్వదు. దగ్గే అత్తగారు, మంచం మీది చంటిదీ అదే గాలి పీలుస్తారు.

ఒక్క గది ఇరుకు నుంచి చాలామందిని బయటపడేసింది కుంభారి. ఊరికి బయట, అక్కల్‌కోట్ వైపు ఉన్న ఈ ఊరి దగ్గర బీడీ కార్మికురాళ్ళ కోసం 10,000 ఇళ్ళతో కట్టిన గోదూతాయి పరులేకర్ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా అప్పగించారు. మూడుసార్లు ఎమ్మెల్యేగా చేసిన మన తెలుగాయన నర్సయ్య ఆడం, అక్కడి జనానికి ఆడం మాస్తర్, దాని కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. ఆ తర్వాత 30,000 ఇళ్ళ రాయ్‌నగర్ వచ్చింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. గట్టి కప్పు, సొంత గోడలు, సొంత తలుపు. రేకు ఎగిరిపోతుందన్న భయం పోయింది. అది చిన్న మేలు కాదు. కాకపోతే ఊరి బయట మైదానంలో గాలికి అడ్డేమీ ఉండదు. పాత పేటల్లో ఇరుకు సందులు గాలిని కొంత ఆపేవి. ఇక్కడ దుమారం నేరుగా వచ్చి గుమ్మం తడుతుంది. చెట్లు పెరిగిన వరస, పెరగని వరస పక్కపక్కనే నిలబడి చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేకుండా తేడా తెలుస్తుంది.

లోపలి దుమారం

ఇప్పుడు ఆ మూసిన కిటికీ దగ్గరికి వద్దాం. బయటి దుమ్ము ఏడాదిలో కొన్ని సాయంత్రాలే. కార్ఖానాలో దుమ్ము ఏడాది పొడుగునా, షిఫ్టు షిఫ్టంతా. పన్నెండు గంటల షిఫ్టులు ఇక్కడ కొత్త కాదు. నూలు రాపిడికి లేచే నూగు, పడుగుకు పట్టించిన గంజి పొడి కలిసి గాలిలో తేలుతుంటాయి. కార్మికుల కనుబొమలు, వెంట్రుకలు సాయంత్రానికి తెల్లబడతాయి. బల్బు మీద, ఫ్యాను రెక్కల మీద, దూలాల మీద నూగు దూదిపింజల్లా వేలాడుతుంది. పోగు తెగకూడదని కిటికీ మూస్తారు, మరక పడకూడదని కిటికీ మూస్తారు. మూసిన గదిలో ఈ నూగుకు పోయే దారి మనిషి ముక్కు ఒక్కటే.

సాంచా శుభ్రం చేసేటప్పుడు కంప్రెసర్ గాలి కొడితే మరీ ఘోరం. మూలమూలల్లో పేరుకున్నదంతా ఒక్కసారి లేస్తుంది. పక్క సాంచా కనిపించదు. ఇది కార్ఖానాలో మనం చేత్తో లేపుకునే దుమారం. దీనికి ఇటుక రంగు ఆకాశం ముందుగా హెచ్చరిక చెయ్యదు.

పత్తి దుమ్ముతో వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. ఫ్రెంచి వైద్యుడు ఆడ్రియన్ ప్రూస్ట్ 1877లో వాడిన మాట ఇది. అంటే సోలాపూర్‌లో మొదటి మిల్లు పొగగొట్టం లేచిన దశాబ్దంలోనే ఈ జబ్బుకు పేరుంది. దీని గుర్తు విచిత్రంగా ఉంటుంది. సెలవు రోజు హాయిగా ఉంటుంది. మర్నాడు పనిలోకి పోయిన కొన్ని గంటలకు ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు అవుతుంది. ఇంగ్లండు మిల్లుల్లో దీన్ని సోమవారం జ్వరం అనేవారు. రెండోరోజుకు తగ్గుతుంది, మనిషి మర్చిపోతాడు. ఏళ్ళు గడిచేకొద్దీ మంగళవారం, బుధవారం.. చివరికి వారమంతా ఉంటుంది. మొదట్లో పని మారిస్తే, దుమ్ముకు దూరమైతే తగ్గే జబ్బు. ముదిరాక మందులు కొంత ఉపశమనం ఇస్తాయి గానీ పోయిన ఊపిరి తిరిగి రాదు. బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళకు మరింత త్వరగా ముదురుతుంది.

నిజం చెప్పాలంటే ఈ దుమ్ము దూది ఏకేచోట, నూలు తీసే చోట ఎక్కువ, నేసే చోట తక్కువ. ఒకప్పటి మిల్లుల్లో ఆ విభాగాల్లో చేసినవాళ్ళే ఎక్కువ నష్టపోయారు. నేతలో తక్కువ అంటే లేదని కాదు. 1978లో అమెరికా పత్తి దుమ్ముకు చట్టబద్ధమైన హద్దు పెట్టినప్పుడు నూలు తీసే చోట ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాములు, గంజి పట్టే చోటా, నేసే చోటా 750 మైక్రోగ్రాములు దాటకూడదంది. వీలున్న చోటల్లా కంప్రెసర్ గాలితో శుభ్రం చెయ్యడం మానాలంది. మిల్లు యజమానులు కోర్టుకెక్కారు. ఖర్చు తట్టుకోలేమన్నారు. 1981లో అక్కడి సుప్రీంకోర్టు ఆ హద్దును నిలబెట్టింది. సోలాపూర్ సందులో కార్ఖానాకు వచ్చి గాలిలో దుమ్ము కొలిచే మనిషి ఎవరో అక్కడి కార్మికుడిని అడిగి చూడండి, నవ్వుతాడు.

ఈ రెండు దుమ్ములు వేరువేరుగా ఉండవు. నూగుతో ముందే వాచిపోయిన ఊపిరిగొట్టాలకు దుమారం నాటి సన్న మట్టి తోడైతే ఆయాసం రేగుతుంది. వెంట్రుక మందంలో ఏడో వంతు కూడా లేని కణాలు, పది మైక్రాన్లలోపువి, ముక్కులో ఆగవు. లోపలికి పోతాయి. సోలాపూర్ బయటి గాలే ఆ కణాల విషయంలో హద్దు దాటింది. అందుకే 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛగాలి కార్యక్రమంలో ఈ ఊరిని కూడా చేర్చారు. రోడ్లు ఊడ్చడం, నీళ్ళు చల్లడం, గాలిని కొలిచే యంత్రాలు పెట్టడం దాని కింద చేసే పనులు. ఆ యంత్రాలు రోడ్డు మీది గాలిని కొలుస్తాయి. షెడ్డు లోపలికి తొంగి చూడవు.

నూగుతో ఇంకో ప్రమాదం ఉంది, నిప్పు. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో ఒక తువ్వాళ్ళ ఫ్యాక్టరీ అంటుకుంది. యజమాని, ఆయన కుటుంబం, అక్కడే ఉంటున్న కార్మిక కుటుంబం.. మొత్తం 8 మంది చనిపోయారు. ఆ మంట ఎందుకు పుట్టిందన్నది వేరు. దూది, నూలు, నూగు నిండిన చోట పుట్టిన మంట ఎంత వేగంగా పోతుందో, పని చేసే చోటే కాపురం ఉంటే ఏమవుతుందో ఆ రోజు ఊరంతా చూసింది. మే నెల గాలుల్లో షార్ట్ సర్క్యూట్ అనే మాట వింటే ఇప్పటికీ అక్కడి జనం ఉలిక్కిపడతారు.

పదిమంది లెక్క

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే బిస్సినోసిస్‌ను వృత్తి జబ్బుల జాబితాలో చేర్చారు. అది కనిపిస్తే డాక్టరు ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. పాత కార్మిక పరిహార చట్టంలోనూ అది ఉండేది. అంటే నిరూపిస్తే పరిహారం వస్తుంది. చిక్కు అంతా లెక్కలో ఉంది. కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అంది ఆ పాత చట్టం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఆ లెక్క ఇరవైకి పెరిగింది. జబ్బు పేరు కొత్త జాబితాలోనూ ఉంది. కాకపోతే పన్నెండు మందితో నడిచే కార్ఖానా ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు. సోలాపూర్ పేటల్లో ఉన్నవి ఎక్కువగా అలాంటి చిన్న కార్ఖానాలే. నలుగురు, ఆరుగురు, ఎనిమిది మంది. వాళ్ళకు పాత చట్టమూ అందలేదు, కొత్తదీ అందదు. ఇంట్లో చాట పట్టుకున్న ఆడమనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె ఇల్లు ఏ చట్టం కిందా ఫ్యాక్టరీ కాదు.

అసలు జబ్బు పేరు కాయితం మీదికి రావడమే కష్టం. ఆయాసంతో పోతే దమ్ము అని రాస్తారు. దగ్గు ఆగకపోతే ముందు టీబీ పరీక్ష చేస్తారు. అది చెయ్యాల్సిందే. లేదంటే బీడీ మానెయ్యమని చెప్పి పంపిస్తారు. 'ఏం పని చేస్తావు, ఎన్నేళ్ళుగా చేస్తున్నావు, సెలవు మర్నాడు ఛాతీ పడుతుందా' అనే మూడు ప్రశ్నలు అడిగితే కథ వేరుగా ఉంటుంది. అడగడానికి డాక్టరుకు తీరిక ఉండదు. చెప్పాలని కార్మికుడికి తెలియదు.

మాస్కు ఇస్తే వేసుకోరని యజమానుల మాట. అందులో కొంత నిజముంది. నలభై మూడు డిగ్రీల్లో, మూసిన షెడ్డులో, చెమట కారుతూ పన్నెండు గంటలు మాస్కు కట్టుకుని ఉండమనడం చెప్పినంత తేలిక కాదు. కరోనా రోజుల్లోనే అది అందరికీ అర్థమైంది. చిన్న యజమాని కష్టమూ కొట్టిపారేసేది కాదు. ఆరు సాంచాల ఆసామి తానూ అదే షెడ్డులో అదే గాలి పీలుస్తాడు. నూగు పీల్చే యంత్రం అతని తాహతుకు మించినది. అందుకే ఒక్కో కార్ఖానాను వేరుగా అడిగే బదులు పేటకు ఉమ్మడిగా ఏదైనా ఆలోచించాలి. చాదర్‌కు ఉమ్మడి గుర్తింపు తెచ్చుకున్న ఊరికి అది చేతకాని పని కాదు.

దుమారం నాడు ఏం చెయ్యాలి

మనవాళ్ళు అక్కడున్నవాళ్ళకు ఫోన్లో చెప్పుకోదగ్గ మాటలు కొన్ని. ఆకాశం రంగు మారగానే పని ఆపి రేకుల కింద, హోర్డింగుల కింద, చెట్ల కింద నిలబడకుండా గట్టి కప్పు కిందికి పోవాలి. బండి మీదుంటే పక్కకు తీసి ఆపాలి. ముక్కుకు, నోటికి తడి గుడ్డ అడ్డం పెట్టుకుంటే పెద్ద కణాలు ఆగుతాయి. ఆయాసం ఉన్నవాళ్ళకు మాత్రం అది చాలదు, ఎన్95 మాస్కు కావాలి, ఇన్‌హేలరు చేతికందేలా ఉండాలి. కళ్ళు నలపొద్దు, నీళ్ళతో కడగాలి. కిటికీకి తడి చాదర్ కడితే దుమ్ము కొంతవరకు ఆగుతుంది. 1930లలో అమెరికా మైదానాల్లో నల్లటి దుమారాలు కమ్మినప్పుడు అక్కడి రైతుల ఆడవాళ్ళు కిటికీలకు తడి దుప్పట్లే కట్టారు. దుప్పట్లకు కొదవలేని ఊరు మనది.

గాలి తగ్గాక పొడి చీపురు పట్టొద్దు. నీళ్ళు చల్లి, తడి గుడ్డతో తుడవాలి. కార్ఖానాలోనూ అంతే. కంప్రెసర్ కొట్టక తప్పకపోతే మిగతా మనుషులను బయటికి పంపి, కొట్టేవాడు మాస్కు కట్టుకుని, ఆ ఒక్క అరగంటైనా కిటికీలన్నీ తీసి పెట్టాలి. తెగి పడ్డ కరెంటు తీగ కనిపిస్తే ముట్టుకోకుండా మహావితరణ్‌కు ఫోను చెయ్యాలి.

సెలవు మర్నాడు ఛాతీ పట్టేస్తున్నవాళ్ళు దాన్ని దుమారం మీదికో, వయసు మీదికో తోసెయ్యకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడికి, లేకపోతే సర్కారు దవాఖానాకు. పోయినప్పుడు చెయ్యాల్సిన పరీక్ష ఊపిరి ఊదించేది, స్పైరోమెట్రీ. పనిలోకి వెళ్ళే ముందు ఒకసారి, షిఫ్టు అయ్యాక ఒకసారి ఊదిస్తే తేడా తెలుస్తుంది. డాక్టరు అడిగినా అడగకపోయినా మొదట చెప్పాల్సింది ఇది.. ఎన్నేళ్ళ నుంచి సాంచా మీద ఉన్నారు, ఏ రోజు ఎక్కువవుతుంది. ఆ మాట చీటీ మీద రాయించుకుని, చీటీలన్నీ ఒకచోట దాచుకోవాలి.